నిమ్మకాయల మీదుగా తోసిన కారు

ఒక చిన్న బటన్‌ని ఏళ్ల తరబడి మనసులో మోస్తున్నాను. వేలితో నొక్కితే లోపలికి దిగిపోయేంతటి బటన్. దాని సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనవసరం లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

నా చదువు పదో తరగతితో ఆగింది. బళ్ళారి బజారులో బట్టల దుకాణంలో పని. మిగిలిన చదువంతా గ్రంథాలయంలోనే. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కొంచెం పెద్దదవుతుంది. నేను చేసిన తప్పుకు ఆ గర్వమే కారణమా, లేక గర్వానికి తగిలిన దెబ్బా? నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా తేలలేదు.

ఎర్రిస్వామి నా చిన్ననాటి స్నేహితుడు. మోక రోడ్డులో అతనికి లారీల షెడ్డుంది. గనులు మూతపడినప్పుడు ఒక గుత్తేదారు తను బాకీపడ్డ లారీల బాడుగ కింద అతనికొక కారు ఇచ్చి వెళ్లాడు. రెండే సీట్లు. ఎర్రది, బయటి దేశంలో తయారైంది, చాలా వేగంగా పోయే రకం. అంతకుముందే గుత్తేదారు కొడుకు దాన్ని ఒక మోరీ గోడకు గుద్దాడు. ముందు భాగం నలిగింది, ఒక దీపం పోయింది. రేకు సరిచేయించారు. ఇంజను మాత్రం స్టార్ట్ కాలేదు. వైరింగు పని చేసే మనిషొకడు చూసి, పెట్రోలు పంపు కాలిపోయింది, అది ఇక్కడ దొరకదు అన్నాడు. లారీల మెకానిక్కులు దాన్ని ముట్టుకోవడానికే భయపడ్డారు.

అప్పుడు ఎర్రిస్వామి నన్ను పిలిచాడు. ఇంగ్లీషు చదవగలిగినవాణ్ణి నేనే కదా. దుకాణం సెలవు రోజుల్లో షెడ్డుకు వెళ్లేవాణ్ణి. బళ్ల గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో చదివింది తెలుగులో చెప్పేవాణ్ణి. నా మాట కోసం పదిమంది ఆగి నిలబడడం నాకు అదే మొదలు.

ఎర్రిస్వామి నాయనకు ఆ కారంటే పిచ్చి. జీవితమంతా ఖనిజం లారీలు తోలిన మనిషి. మోకాళ్లు అరిగిపోయాయి. లారీ ఎక్కలేడు కానీ ఆ కారులో కూర్చోగలడు. ప్రతి దసరాకూ ఆయుధ పూజ రోజు లారీలతో పాటు దాన్నీ కడిగి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవారు. బండి ముందుకు కదిలి వాటిని నలిపితేనే పూజ పూర్తయినట్టు. ఈ బండి కదలదు కదా. అందుకని పెద్దాయన స్టీరింగు ముందు కూర్చునేవాడు. ఒకసారి తాళం తిప్పి, తల వంచి వినేవాడు. గరగరమని తిరిగేదే గానీ ఇంజను పలికేది కాదు. అప్పుడు మేమంతా వెనక నుంచి తోసేవాళ్లం.

ఒక ఏడాది దసరాకు ముందు గ్రంథాలయంలో మోటారు బళ్ల గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. కొన్ని కార్లలో బండి గట్టిగా గుద్దుకుంటే మంట అంటుకోకుండా పెట్రోలు ఆగిపోయే ఏర్పాటు ఉంటుందట. ఒక బటన్ దానంతటదే పైకి లేస్తుంది. తిరిగి నొక్కే దాకా పెట్రోలు రాదు. నేను వెళ్లి వెతికాను. స్టీరింగు కింద, తోలేవాడి ఎడమ కాలి పక్కన, కార్పెట్ వెనక ఉంది. లేచే ఉంది.

పంపు కాలిపోలేదు.

వెంటనే నొక్కలేదు. ఎందుకు నొక్కలేదు? పూజ రోజు, అందరి ముందు నొక్కుదామని. పెద్దాయన తాళం తిప్పగానే ఇంజను పలకాలి, అందరూ నా వైపు చూడాలి. అది నాకు కావాలి.

పూజ రోజు వచ్చింది. పెద్దాయన కూర్చున్నాడు. నేను తలుపు దగ్గరికి వెళ్తున్నాను. కంప్లి నుంచి వచ్చిన ఎర్రిస్వామి బావ నన్ను చూసి నవ్వాడు.

"ఏమప్పా లైబ్రరీ, అన్ని బుక్కులు సదివితివి గదా, బండి ఇంకా పలకల్యా?"

నేను నోరు తెరిచే లోపు ఎర్రిస్వామి అందుకున్నాడు.

"బుక్కులు సదివితే బండి పోతాదేంది బావా? తోయనీకి ఒక మనిసి కావల్ల గదా, అందుకే పిలుస్తాండా."

అందరూ నవ్వారు. క్లీనర్లు కూడా.

"సుమ్నె ఊరికే నిలబడితే ఎట్లప్పా," అన్నాడు ఎర్రిస్వామి నా భుజం తట్టి. "యెనకకు రా, తోయి."

అతను ఆ మాట మరుక్షణమే మరిచిపోయి ఉంటాడు. నేను వెనక్కు వెళ్లాను. తోశాను. నిమ్మకాయలు నలిగిన వాసన వచ్చింది. ఈరోజు కాదు, రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు వెళ్లలేదు. మరుసటి వారం వెళ్లాను, చెప్పలేదు. ఆ తర్వాత చెబితే, తెలిసీ ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు కదా. మొదట కోపం నన్ను ఆపింది, తర్వాత భయం. ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎప్పుడు దాటానో నాకే తెలియలేదు.

పెద్దాయన మాత్రం నన్నే అడిగేవాడు. "ఏమప్పా, ఎప్పుడు పలుకుతాదిది?" "వచ్చే దసరాకు, పెదనాయనా" అనేవాణ్ణి. ఆయన నమ్మేవాడు. చదువుకున్నవాడు చెప్పాడని నమ్మేవాడు. అలా కొన్ని దసరాలు గడిచాయి. ఒక దసరాకు ఆయన లేడు.

చనిపోయిన మనిషికి క్షమాపణ ఎలా చెప్పాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ దొరకలేదు. వెతకలేదని కాదు.

ఇప్పుడు ఆ బటన్ నొక్కినా కారు పలకదు. వైర్లు ఎలుకలు కొరికేశాయి. ట్యాంకు తుప్పు పట్టింది. ఎర్రిస్వామి షెడ్డు ఖాళీ చేస్తున్నాడు. మొన్నటి పూజ రోజు నన్ను పిలిచి, "ఈసారి నువ్వు కూకోప్పా లోపల. నాయన తర్వాత దీని మీద ఆశ పెట్టుకున్నోడివి నువ్వే" అన్నాడు.

వద్దన్నాను. వినలేదు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఈసారి వెనక నుంచి తోసింది అతను. జుట్టు నెరిసిన మనిషి, ఆయాసపడుతూ, నన్ను కూర్చోబెట్టి తోశాడు. చక్రాల కింద నిమ్మకాయలు చిట్లాయి. నా ఎడమ కాలి పక్కనే ఆ బటన్. చెయ్యి కిందికి చాచి తడిమాను. ఇంకా లేచే ఉంది.

అతను ముందుకొచ్చి కిటికీ మీద చేతులానించాడు.

"చెప్పప్పా. గుజరీకి ఏసేద్దామా, బెంగుళూరు నుంచి మనిసిని పిలిపిచ్చి బాగు చేయిద్దామా? నువ్వు యేమంటే అదే."

పాత ఇనుము కింద అమ్మేస్తే అంతటితో పోతుంది. ముక్కలైన కారులో ఏ బటన్ లేచి ఉందో ఎవడు చూస్తాడు? గుజరీకే వెయ్యి అనే మాట నా నోట్లో సిద్ధంగా ఉంది. బెంగుళూరు మనిషి వస్తే మొదట చూసేది దాన్నే. అప్పుడు ఎర్రిస్వామి నా వైపు తిరుగుతాడు. నువ్వు అన్నీ సదివినావు గదప్పా, ఇది యాడా రాయలేదా అని అడుగుతాడు.

నా వేలు ఇంకా దాని మీదే ఉంది. ఇప్పుడు నొక్కేసినా ఎవరికీ తెలియదు. కారు పాడైపోయే ఉంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

చెయ్యి తీసేశాను. "మనిషిని పిలిపించు" అన్నాను.

ఎర్రిస్వామి మొహం విప్పారింది. "నువ్వు దీన్ని ఇడ్సిపెట్టవని నాకు తెలుసప్పా" అన్నాడు.

ఇది ధైర్యమా? కాదనే అనుకుంటున్నాను. నేను చెప్పాల్సింది ఇంకొకడి చేత చెప్పించడానికి చేసిన ఏర్పాటు. వచ్చే వారం ఆ మనిషి వస్తాడట. ఎర్రిస్వామి ఆ ప్రశ్న అడిగినప్పుడు అబద్ధం చెప్పడం నాకు కష్టం కాదు, ఇన్నేళ్ల అలవాటు. అతను క్షమిస్తాడని అనుకోవడం లేదు. క్షమించాల్సింది అతనొక్కడే కాదు కూడా.

రాసి ఉంది. నేను చదివాను. తెలిసీ చెప్పలేదు. పెదనాయన తాళం తిప్పి వింటున్నప్పుడు పక్కనే నిలబడి, చెప్పలేదు.

ఆ మాటలు నా నోటి నుంచి ఎలా వస్తాయో ఇన్నేళ్లూ తెలియలేదు. ఇప్పుడు మీ ముందు ఒకసారి వచ్చాయి.