గడియారాల గది తలుపు

రొంపిచెర్ల రోడ్డులో మిర్చి టిక్కీ బస్తాలు వేసుకొస్తున్న ట్రాలీ ఆటో నా స్కూటీని రాసుకుంటూ పోయింది. పడ్డాను, కాలు విరిగింది. నరసరావుపేటలో బట్టల కొట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పొద్దస్తమానం జనంతో అరిచే దాన్ని, సిమెంటు కట్టుతో మంచానికి అతుక్కుపోయాను. మా ఆయన పొద్దున్నే పత్తి జిన్నింగ్ మిల్లుకి పోతే సాయంత్రం దాకా రాడు. టీవీ చూడబుద్ధి కాలేదు. మా అన్నయ్యకి ఫోన్ చేసి, నీ సెంటర్లో మూలన పడేసిన కంప్యూటర్ ఏదన్నా ఉంటే తెచ్చిపెట్టు అన్నాను.

మా అన్నయ్యకి అదే ఊళ్ళో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ ఉంది. ఇంట్లో మొదటి ఇంజినీరు. ఏ విషయం ఎత్తినా "నాకు తెలుసు" అని మొదలుపెడతాడు. సాయంత్రం తనే కంప్యూటర్ మోసుకొచ్చి, మంచం పక్కన బల్ల మీద అమర్చి, దాంట్లో ఒక పాత ఆట చూపించాడు.

"ఇది ఆడుకో. చిక్కులు విప్పే ఆట. ఇదే మిషన్ మీద ఒక్క మధ్యాహ్నం కూర్చుని మొత్తం లేపేశా. నీకు మాత్రం ఈ కట్టు విప్పేదాకా సరిపోయిద్దిలే."

ఆ మాటకి నవ్వాను. అప్పటికి కోపం రాలేదు.

ఆటలో ఒక పాడుబడ్డ కోట. చిన్న బొమ్మ మనిషిని గదిలోంచి గదిలోకి నడిపించాలి. ప్రతి గదిలో ఒక చిక్కు, అది విప్పితే అవతలి తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో ఆటే సరిగ్గా నడవలేదు. సౌండు రాలేదు. రంగులన్నీ కలిసిపోయి కోట మొత్తం ఊదా రంగు ముద్దలా కనపడింది. అన్నయ్యని అడిగితే "పాత ఆటలు అంతే" అన్నాడు. సెట్టింగుల్లో ఒక్కొక్కటీ మార్చి చూసుకుంటూ రంగులు నేనే తెచ్చుకున్నాను. సౌండూ తెచ్చుకున్నాను. ఆ తర్వాత గదులు వరసగా తెరుచుకున్నాయి. రాళ్ళు జరిపే గది, అద్దాల గది, నీళ్ళు పారే గది. కట్టు కింద దురద పెడుతున్నా తెలిసేది కాదు. చిన్నప్పుడు లెక్క తేలినప్పుడు కలిగే సంతోషం ఒకటుంటుంది. దాని రుచి ఎలా ఉంటుందో మర్చిపోయి చానా ఏళ్ళయింది.

అప్పుడొచ్చింది గడియారాల గది. గోడ నిండా గడియారాలు. ముళ్ళన్నీ సరైన చోట నిలబెడితే గంట మోగి, గది చివర తలుపు పైకి లేస్తుంది. అది మళ్ళీ కిందికి పడేలోగా బొమ్మని అటు దాటించాలి. గంట మోగేది. తలుపు లేచినట్టు కనపడి, రెప్ప వేసేలోగా పడిపోయేది. బొమ్మ ఒక్క అడుగు కూడా వేసేది కాదు. ముళ్ళు సగమే సరిగ్గా పెట్టానేమో అనుకున్నాను. ఇంకో రకంగా పెట్టి చూశాను. కాగితాల మీద బొమ్మలు గీసుకున్నాను. కట్టు విప్పారు, కొట్లోకి పోవడం మొదలుపెట్టాను, అయినా ఆదివారాలు ఆ గది ముందే కూర్చునేదాన్ని.

అన్నయ్యని అడిగాను.

"ఆ గది ఎట్టా దాటావ్?"

"చెప్తే ఆటేముందే? బుర్ర పెట్టు."

"పెడతానే ఉన్నా. తలుపు ఆగట్లేదు."

"వేళ్ళు చురుగ్గా ఉండాల. నాకేం ఇబ్బంది కాలా."

ఎప్పుడడిగినా ఇదే సమాధానం. ఆ తర్వాత నాదెండ్లలో మా పిన్ని కూతురి గృహప్రవేశం. భోజనాల దగ్గర అన్నయ్య అందరికీ ఈ కథ మొదలెట్టాడు. మా చెల్లెలు ఒక్క తలుపు తీయలేక నెలల తరబడి కుస్తీ పడతా ఉంది, నేను వాటంగా కూర్చుని పూటలో తీసేశా అని. నా వేళ్ళు మౌస్ మీద ఎట్టా తడబడతాయో చేత్తో చేసి చూపించాడు. పంక్తి మొత్తం నవ్వింది. పప్పు వడ్డించే మనిషి కూడా గరిటె ఆపి నవ్వాడు. వచ్చేటప్పుడు మా బాబాయి "ఏమ్మా, కారు తలుపన్నా తీయగలవా?" అన్నాడు. దారిలో మా ఆయన "ఆటకి ఇంత మొహం మాడ్చుకోవాలా" అన్నాడు. ఆయన మీద కూడా కోపం వచ్చింది.

అది ఆట గురించిన కోపం కాదు. పదో తరగతిలో నాకు లెక్కలంటే ప్రాణం. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానన్నాను. అప్పటికి అన్నయ్య ఇంజినీరింగ్ చదువుతున్నాడు. నాన్న వాణ్ణి అడిగాడు. "దానికి లెక్కలు ఎక్కవు నాన్నా, సీఈసీలో చేర్పించు" అన్నాడు వాడు. అంతే, చేర్పించారు. ఇంజినీరింగ్ చదివేవాడు చెప్పాడు కదా, నిజమే అయ్యుంటుందని నేనూ నమ్మాను. ఆ గడియారాల ముందు కూర్చున్నన్నాళ్ళూ నా చెవిలో ఆ మాటే. అవును, నాకు ఎక్కవు. వాడు అప్పుడే కనిపెట్టాడు.

కొట్లో బేరాలు లేని ఒక మధ్యాహ్నం ఫోన్లో ఆ ఆట పేరు కొట్టి వెతికాను. దాన్ని ఇష్టపడే వాళ్ళు ఎవరో పెట్టుకున్న పాత పేజీ ఒకటి దొరికింది. ఆడేవాళ్ళు అడిగిన సందేహాలు, వాటికి జవాబులు. ఇంగ్లీషులో ఉంది, నిదానంగా చదువుకున్నాను. సౌండు రాకపోతే ఏం చేయాలి, రంగులు పాడైతే ఏం చేయాలి. అవి నేను చేసుకున్నవే. కిందికి పోతే గడియారాల గది. ఎక్కడెక్కడి వాళ్ళో అడుగుతున్నారు. ఒకామె "నాకు బుద్ధి తక్కువా?" అని రాసింది.

జవాబు ఇదీ. తప్పు మీది కాదు. తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలో ఆట కంప్యూటర్ వేగాన్ని బట్టి లెక్కపెట్టుకుంటుంది. ఆట చేసిన రోజుల్లో కంప్యూటర్లు నెమ్మది. తర్వాత వచ్చిన మిషన్ల మీద తలుపు లేచిన క్షణమే పడిపోతుంది. వాటి మీద ఈ గది ఎవరూ దాటలేరు. మిషన్ను నెమ్మది చేసే చిన్న ప్రోగ్రామ్ వేసుకోండి.

ఎవరూ దాటలేరు. కౌంటర్ మీద మోచేతులు ఆనించి ఆ ముక్కే మళ్ళీ మళ్ళీ చదివాను. హాయిగా అనిపించాలి కదా? చెవులు వేడెక్కాయి. ఎవరూ అంటే వాడు కూడా. ఇదే మిషన్ మీద ఒక్క మధ్యాహ్నంలో లేపేశానన్నాడు. అంత పచ్చి అబద్ధం ఆడి, దాని మీద పంక్తి భోజనాల్లో నన్ను నిలబెట్టి నవ్వించాడు.

ఇంటికి పోయి ఆ ప్రోగ్రామ్ వేసుకున్నాను. వేగం తగ్గించాను. నేను మొట్టమొదట పెట్టినట్టే ముళ్ళు పెట్టాను. గంట మోగింది. తలుపు మూలుగుతూ పైకి లేచి, అట్టాగే నిలబడింది. బొమ్మ నడుచుకుంటూ వెళ్ళిపోయింది. మొదటి రోజు పెట్టినవే సరైన ముళ్ళు! మౌస్ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఇంకా గదులున్నాయి. అవన్నీ పూర్తి చేశాకే అన్నయ్య ఇంటికి వెళ్ళాను.

అన్నయ్య టీ తాగుతున్నాడు. వదిన కూరగాయలు తరుగుతోంది.

"అన్నయ్యా, గడియారాల గది తర్వాత ఏముంటది?"

"ఏముంటది, నిధి. పెట్టె తెరిస్తే ఆట అయిపోయిద్ది."

"నిధి లేదు. అక్కణ్ణుంచి ఇంకా సగం కోట ఉంది. నువ్వసలు ఆ గది దాటలా."

"ఏందే నువ్వు? ఎప్పుడో ఆడింది, గుర్తుండొద్దూ?"

ఫోన్ తీసి పేజీ చూపించాను. చదివాడు. ఫోన్ తిరిగిచ్చి "సరేలే, ఏదో సరదాకి అన్నా. ఇంత చిన్నదానికి పొద్దున్నే పోట్లాటకొచ్చావా?" అన్నాడు.

"చిన్నదా? నాకు లెక్కలు ఎక్కవని నాన్నతో చెప్పింది కూడా సరదాకేనా?"

గదిలో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"ఎప్పటి సంగతి? అడిగితే చెప్పా."

"ఎట్టా తెలుసు నీకు? ఒక్కరోజన్నా నా పుస్తకం తెరిచి చూశావా?"

వదిన తల ఎత్తకుండా అంది. "ఇంజినీరింగ్‌లో తప్పిన లెక్కల పేపర్లు పెళ్ళయ్యాక కూడా రాశారు మీ అన్నయ్య. మా నాన్నే ఫీజు కట్టాడు."

నాకిది తెలీదు. మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అన్నయ్య మొహం ఎర్రగా అయింది. వదిన వైపు చూసి, కప్పు బల్ల మీద పెట్టి అన్నాడు.

"నాకే ఎక్కట్లేదు అప్పుడు. నాకే ఎక్కనిది నీకేం ఎక్కిద్దిలే అనుకున్నా."

దాంతో నా కోపం చల్లారుతుందని అనుకున్నట్టున్నాడు. ఇంకా మండింది. కావాలని చేశాడంటే తిట్టి ఊరుకునేదాన్నేమో. వాడు ఆలోచించనే లేదు. వాడి కొలతతో నన్ను కొలిచి పక్కన పెట్టాడు. "మరి ఆ మాట నాన్నకి చెప్పాల్సింది. నాకు ఎక్కట్లేదు నాన్నా అని చెప్పాల్సింది" అని అరిచాను. చెప్పులేసుకుని వచ్చేశాను. వదిన గేటు దాకా వచ్చింది, భుజం మీద చెయ్యి వేసి వెనక్కి పోయింది.

ఆ తర్వాత బంధువులు కలిసినప్పుడు నేనే చెప్పాను. ఆ తలుపు ఆ మిషన్ మీద ఎవరూ తీయలేరని, అన్నయ్య కూడా తీయలేదని. "అవునా అమ్మా" అన్నారు. మా బాబాయి పెరుగు వేయించుకుంటూ "ఏదైతేనేం, నవ్వుకున్నాం కదా" అన్నాడు. వాళ్ళకి ఎగతాళి గుర్తుంది, నిజం అక్కర్లేదు. దానికీ మండింది.

కొన్నాళ్ళు మాటల్లేవు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం. పండక్కి బట్టలు కొనడానికి మా కొట్టుకే వస్తాడు, నా కౌంటర్‌కే వస్తాడు, కాలు ఎట్టా ఉందని అడుగుతాడు. కానీ మునుపటిలా కాదు. వాడు ఎప్పుడు "నాకు తెలుసు" అన్నా "ఎట్టా తెలుసు?" అని అడుగుతున్నాను. చిరాకు పడతాడు. పడనీ. ఈమధ్య వదిన కూడా అడుగుతోందట. మా ఆయన "ఇంక వదిలెయ్" అంటాడు. వదలను. వదలడానికి నాకింకా కారణం కనపడలేదు.