మామ్మగారి దగ్గు

మైకులో పడినదాన్ని చెరపకపోవడం మా బావ అలవాటు. ఎనభైల్లో, పాత స్పూలు టేప్‌రికార్డర్‌లో టేపు ముక్క కొసలు రెండూ కలిపి చుట్టులా అతికించి, జనం ముందే డోలక్ కొట్టి రికార్డు చేసేవాడు. ఆ దెబ్బలే తిరిగి తిరిగి వస్తుంటే, వాటి మీద హార్మోనియం వాయించేవాడు.

కనకాలపేట పెళ్లిలో అలా కొడుతుండగా పెళ్లికూతురి మామ్మగారు దగ్గారు. ఇక ప్రతి చుట్టులోనూ ఆ దగ్గే. జనం నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది.

"ఆపు బావా, మళ్లీ కొట్టు."

"పడిందిగా, తిరగనీరా బామ్మర్దీ," అని, దగ్గు వచ్చినప్పుడల్లా ఆగి ఆవిడకు దణ్ణం పెట్టి మరీ వాయించాడు.

అడగని పని చక్కబెట్టడం నా జబ్బు. మర్నాడు బావ పరువు కాపాడుతున్నాననుకుని, టేపులో దగ్గున్న ముక్కను బ్లేడుతో కోసి అతికించేశాను. ఆ సాయంత్రమే మామ్మగారు తన దగ్గు వినిపిద్దామని వియ్యాలవారిని వెంటబెట్టుకుని బావ ఇంటికి వచ్చారు. టేపు పెడితే తాళం కుంటింది.

"నా దగ్గేదయ్యా?"

బావ నా వైపోసారి చూసి, మైకు ఆవిడ ముందు పెట్టాడు.

"రమ్మంటే వచ్చేద్దా ఏంటి బాబూ?"

మైకు నా వైపు తిరిగింది. గొంతు బొంగురుపోయేదాకా దగ్గాను. మామ్మగారు ప్రతి దగ్గూ శ్రద్ధగా విని, "నాది కాదు," అంటూనే ఉన్నారు.