శిఖం మన్ను

కుంట కడుపులో ఉండే భూమిని మా దిక్కు శిఖం అంటారు. నీళ్లు ఉన్నన్నాళ్లు అది కుంట, ఎండితే చేను. నేను పెళ్లయి వచ్చేనాటికే మా ఊరి కుంటకు గండిపడి ఏళ్లు గడిచాయి. నారాయణఖేడ్ నుంచి నాగల్‌గిద్ద పోయే బస్సు దిగి కంది చేల మధ్య నడిచి వస్తే, ముందు కనపడేది ఆ తెగిన కట్టే. లోపల సగం సర్కారు తుమ్మ కమ్ముకుని ఉండేది. మిగిలిన సగంలో మా అత్త జొన్న చేను. మా ఇంటికి ఉన్న భూమి అదొక్కటే.

మా అత్త సంగతి ముందే చెప్పాలి. ఆమె పుట్టిల్లు కర్ణాటక దిక్కు. మామూలు కోపానికి తెలుగులో తిట్టేది, కోపం ముదిరితే కన్నడంలో తిట్టేది. మామ పోయాక, చంటి కొడుకును గట్టు మీద పడుకోబెట్టి, తుమ్మలు నరికి, వేర్లు పెకిలించి ఆ శిఖాన్ని చేను చేసిందట. వాన నీళ్లు గండిలోంచి పోయాక మిగిలిన పదునులో జొన్న వేసేది. ఎరువు లేదు, మందు లేదు. కుంట మట్టి కదా, కంకులు బరువుకు వంగిపోయేవి. "గీ మన్నే నా పెద్ద కొడుకు" అనేది, కన్నకొడుకు పక్కనే కూర్చుని రొట్టె తింటుండగా. నా మొగుడు నవ్వి ఊరుకునేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఎనభైల్లో వానలు మొహం చాటేశాయి. బావులు అడుగంటాయి. బిందె నీళ్ల కోసం ఆడవాళ్లం జుట్లు పట్టుకునే దాకా వచ్చింది. మేపలేక గొడ్లను కల్హేర్ అంగడికి తోలి, వచ్చిన కాడికి అమ్ముకున్నారు. ఎవరో వచ్చి కట్ట కడతారని చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. చివరికి ఒక సాయంత్రం సర్పంచ్ ఊరిని కూర్చోబెట్టి, ఇక మనమే కట్టుకుందాం, ఇంటికొక మనిషి రావాలి అన్నాడు. డప్పు వేయించారు. అందరి ముఖాలు వెలిగాయి. నేను అత్త ముఖం చూశాను. కట్ట కడితే కుంట నిండుతుంది, కుంట నిండితే మా చేను మునుగుతుంది. ఆ మాట అక్కడ ఒక్కరి నోట రాలేదు.

తెల్లారి లేచేసరికి అత్త తట్టా పారా ముందు పెట్టుకుని రొట్టె మూట కడుతోంది.

"ఏడికి వోతున్నవ్ అత్తా?"

"కట్ట కాడికి."

"నీ చేను ముంచే కట్టకు నువ్వే మన్ను మోస్తవా? మతి ఉండే మాట్లాడుతున్నవా?"

"ఇంటికొక మనిషి అన్నరు గద. మనది ఇల్లు గాదా?"

ఆమె గడప దాటాక నాకు మాటలు వచ్చాయి. ఆ మాటలన్నీ గిన్నెల మీద పడ్డాయి.

ఆమె రోజూ పోయింది. మొగవాళ్లు తుమ్మలు కొడుతుంటే, ఆడవాళ్ల వరుసలో నిలబడి గండిలో మట్టి పోసింది. ఒక రోజు సద్ది వేళ సర్పంచ్ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "అక్కా, నువ్వు రాకున్నా ఎవలూ ఏమనకపోదురు" అన్నాడు. "రాకుంటే రేపు నీళ్ల వంతు కాడ నా ఇల్లు యాదికుంటదా మీకు?" అంది అత్త. అతను తల దించుకుని పోయాడు. పోయి ఊరికే ఉండలేదు, పెద్దమనుషులతో మాట్లాడాడు. కట్ట కింద ఊరుమ్మడిగా పడి ఉన్న రాళ్ల చెల్క, తేమ నిలవని ఎర్రనేల, మా అత్తకు ఇద్దామని అందరూ ఒప్పుకున్నారు.

"రాళ్లల్ల ఏం పండుతది, నీ తలకాయనా?" అంది అత్త. "ఇస్తే నా మన్నుతోటి ఇయ్యుండ్రి."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఆమె చెయ్యి చాపి చూపించింది. అప్పటికే అందరూ కుంటలో పూడిక తీసి బండ్లతో తమ చేలకు తోలుకుంటున్నారు. అట్లాగే శిఖంలోని తన పైమట్టినంతా తీసి ఆ రాళ్ల మీద పరవాలి, అంతే. చేనుకు చేనే ఎత్తుకుపోవాలన్న మాట. నేనైతే ఒప్పుకోరనుకున్నాను. ఒప్పుకున్నారు. ఎడ్లబండి ఉన్న ప్రతి ఇల్లూ తమ చేలకు తోలడం ఆపి, మా మట్టి తోలింది. అత్త చెప్పులు లేకుండా బండ్ల వెంట నడిచేది. దారిలో జారిపడిన పెళ్లలను ఏరి ఒడిలో వేసుకుంటుంటే బండ్లవాళ్లు, "పెద్దవ్వా, బంగారం వడ్డదా?" అని ఆట పట్టించేవాళ్లు. ఆమె వాళ్ల తాతముత్తాతలను తలుచుకునేది. ఆ ఎండాకాలం ఇంట్లో ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉన్నాం.

తొలకరికి కొత్త చేనులో కంది వేశాం. మొలక చిక్కగా వచ్చింది. కుంట కూడా నిండుతూ వచ్చింది. శ్రావణంలో ముసురు పట్టి విడవలేదు. కంది మోకాలెత్తు పెరిగిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం కట్ట మీదనుంచి కేక వినపడింది. పాత గండి పూడ్చిన చోట కట్ట అడుగునుంచి నీళ్లు ఊరుతున్నాయి. మేం పోయేసరికి వేలంత ధార చెయ్యంత అయింది. కంకర కలిసిన మొరం పోస్తే పోసినట్టే కొట్టుకుపోతోంది. నల్లమట్టి అయితేనే ఆగుతుంది. కట్టకు ఆ పక్క నీళ్లు, ఈ పక్క రాళ్లు. దగ్గరలో ఉన్న నల్లమట్టి అంతా మా కంది కింద ఉంది.

మనుషులు తట్టలు పట్టుకుని మా చేను గట్టున నిలబడ్డారు. లోపలికి అడుగు వేయలేదు. పచ్చని పైరు మీద పార వేయడానికి రైతు చెయ్యి రాదు. సర్పంచ్ వానలో తడుస్తూ మా అత్త వైపు చూస్తున్నాడు, అడగడం లేదు. నేను చేనుకు అడ్డంగా నిలబడి, "తియ్యద్దు. ఒక్కసారి ముంచిండ్రు, చాలదా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

అత్త నన్ను భుజం పట్టి పక్కకు జరిపింది. చేనులోకి దిగి, "చూస్తుండ్రేంది? మీ నోట్లె మన్ను వడ. కట్ట తెగినంక తీస్తరా?" అని తిడుతూ తనే మొదటి పార వేసింది. కంది మొక్కలు వేళ్లతో సహా లేచాయి. ఆ తరువాత అందరూ దిగారు. ఆమె తట్ట తట్టకూ ఒక తిట్టు చొప్పున, తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి పోయింది. పొద్దు వంగేటప్పటికి ధార ఆగింది. కట్ట నిలిచింది. మా చేనులో మళ్లీ రాళ్లు తేలాయి.

కట్ట నిలిచింది గనుక ఆ యాసంగి పంటకు కట్ట కింద వరి పండింది. బావుల్లో నీళ్లు ఎక్కాయి. కల్లాలు ఎత్తేటప్పుడు ఇంటింటి నుంచి మాకు వడ్లు పంపారు. అత్త తీసుకుంది, కాదనలేదు. కానీ సర్పంచ్‌తో చెప్పింది: "వడ్లు తింటే అయిపోతయ్. నా మన్ను నాకు తెచ్చియ్యి."

"ఎండకాలం కుంట ఎండంగనే తెస్తం అక్కా" అన్నాడతను.

ఎండాకాలం వచ్చింది. కుంట ఎండలేదు.

ఊరంతా పండగే. బర్రెలు మెడ దాకా దిగి పడుకునేవి. ఒడ్డు వెంట తుంగ మొలిచింది. అంతకుముందు నేను చూసి ఎరగని పిట్టలు వచ్చి వాలాయి. పిల్లలు చేపల కోసం బడి ఎగ్గొట్టారు. అవన్నీ చూసి నేనూ మురిశాను, ఎందుకు మురియను? అత్త మాత్రం పొద్దున్నే కట్ట మీదికి పోయి కూర్చునేది. చల్లగాలికి పోతోందనుకున్నాను. ఒక రోజు రొట్టె తీసుకుని వెనకే పోతే, నీళ్ల వైపు తిరిగి రెండు చేతులూ జోడించి ఉంది. ఏం మొక్కుతున్నవని అడిగాను.

"నీళ్లు ఎండాలె అని మొక్కుతున్న బిడ్డా. నా మన్ను తేలాలె అని. ఎవలకన్న జెప్పేవు. ఊరు నీళ్లు దాగుతుంటే గిట్ల మొక్కుడు పాపం గదా."

అత్తను నేను ఎన్ని మాటలు అని ఉంటానో లెక్క లేదు. ఆ పూట ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాను. ఏడుపు ఆగాక కోపం వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని నేరుగా సర్పంచ్ ఇంటికి పోయాను. అరుగు మీద నలుగురు మొగవాళ్లు కూర్చుని ఉన్నారు. కోడలు పిల్ల వాళ్ల ముందు నోరెత్తే రోజులు కావవి.

"మామా, మీ బావులల్ల నీళ్లున్నయ్. మీ వడ్లు గుమ్ములల్ల ఉన్నయ్. మా అత్త మన్ను మీ కట్టల ఉన్నది. ఎండకాలం ఇస్తనంటివి. ఏడున్నది?"

"నీళ్లు ఎండలే గద బిడ్డా. నన్నేం జెయ్యమంటవ్?"

"ఎండకుంటే మా అత్త తప్పా?"

అడిగేసి వెనక్కి తిరిగాను. ఇంటికి వచ్చేసరికి ఈ సంగతి నాకంటే ముందే వచ్చి ఉంది. "నా ఇజ్జత్ తీసినవ్" అని అత్త గోడ వైపు తిరిగి కూర్చుంది. ఆ పూట ముద్ద ముట్టలేదు. నేను కూడా ముట్టలేదు, పంతానికి.

తెల్లారి బయట ఏదో అలికిడి అయితే కుంట దిక్కు పోయి చూశాం. మునిగిపోయిన మా శిఖం మీద, తొడల లోతు నీళ్లలో, సర్పంచ్ ధోతి పైకి చెక్కుకుని నిలబడి ఉన్నాడు. వంగి రెండు చేతులతో అడుగు బురద తోడి తట్టలో వేస్తున్నాడు. ఆ తట్ట పక్కనున్న మనిషి చేతికి, అతని నుంచి ఇంకో మనిషి చేతికి పోతోంది. నీళ్లలో మొదలైన వరుస కట్ట ఎక్కి, దిగి, మా రాళ్ల చెల్క దాకా ఉంది. డప్పు ఎవరూ వేయలేదు. ఇంటికి ఒకరు కాదు, ముగ్గురు నలుగురు వచ్చిన ఇళ్లు ఉన్నాయి. తట్టల్లోంచి కారే నీళ్లకు అందరి బట్టలూ నల్లగా అయ్యాయి. నేనూ వరుసలో నిలబడ్డాను.

అత్త చెల్కలో ఒక రాయి మీద కూర్చుంది. వచ్చిన తట్టనల్లా తన కాళ్ల ముందు బోర్లించమంది. బురదను చేతులతో సర్దుతోంది, ఏమీ తిట్టడం లేదు. అది చూసే నాకు భయమేసింది. పొద్దు నడినెత్తికి వచ్చాక సర్పంచ్ కట్ట మీదికి ఎక్కి గట్టిగా అడిగాడు.

"అక్కా, ఇగ సాలా?"

ఆమె తల ఎత్తలేదు. సర్దుతూనే ఉంది. అతను కట్ట దిగి, మళ్లీ నీళ్లలోకి వంగాడు. చాలని ఆమె ఆ రోజంతా అనలేదు. తట్టలు ఆగలేదు.