ఆపా అడిగిన మాట

నా చిన్నప్పుడు మెదక్‌లో మా పక్కింటి ఆపా మిషన్ మీద జాకెట్లు కుట్టేది. వాళ్లింట్లో అక్కను అలా పిలిచేవారు, నాకూ అదే అలవాటైంది. మిగిలిన గుడ్డ ముక్కలతో నా బొమ్మలకు గాగ్రాలు కుట్టి ఇచ్చేది.

ఒక ఎండాకాలం ఆమెకు ఒక కన్ను మసకబారి, కొన్నాళ్లకు దానంతటదే బాగైంది. మరుసటి ఏడు కాళ్లు తిమ్మిరెక్కి మిషన్ తొక్కలేకపోయింది. హైదరాబాద్ దవాఖానాలో నరాల జబ్బని, మందు లేదని, మంచం దిగనివ్వొద్దని చెప్పి పంపారు. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ కదలనివ్వలేదు. వేడి కాపడాలు పెట్టారు. పెట్టినప్పుడల్లా ఆమె ఇంకా డీలా పడేది. చూడవచ్చిన వాళ్లంతా పండుగకల్లా లేస్తావని చెప్పి, చాయ్ తాగి వెళ్లేవారు.

ఒక మధ్యాహ్నం మా అమ్మ ఆమెకు తల దువ్వుతోంది.

"చిన్నమ్మా, నేను మల్ల నడుస్తనా? నువ్వన్న నిజం చెప్పు," అంది ఆపా.

అమ్మ దువ్వెన ఆపింది. "నడుస్తవని నాకైతే అనిపిస్తలేదు బిడ్డా."

ఆపా వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు అమ్మ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. అమ్మ సర్దిచెప్పలేదు, లేచి రానూ లేదు. ఏడుపు ఆగేదాకా కూర్చుని, తర్వాత జడ అల్లింది. ఆనాటి నుంచి ఆపా తన భయాలన్నీ అమ్మకే చెప్పుకునేది. ఆ వానాకాలంలోనే, కదలక పడుకుని పడుకుని వీపంతా పుండ్లు పడి, జ్వరంతో పోయింది.

ఆ జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ అయి ఉంటుందని, నా కూతురికి అదే వచ్చాక తెలిసింది. ఇప్పుడు స్కానింగ్‌లో త్వరగా పట్టుకుంటారు. మొదట్లోనే మందులు మొదలుపెడతారు. పడుకోబెట్టరు, వేడి పడదని చల్లటి చోట కసరత్తు చేయిస్తారు. చాలామంది ఉద్యోగాలు కూడా చేసుకుంటున్నారట. నా బిడ్డది మాత్రం మొదటి నుంచీ మెల్లగా ముదిరే రకం. మందు దాని వేగాన్ని కాస్త తగ్గించిందేమో గానీ ఆపలేకపోయింది. చేతికర్ర పోయి చక్రాల కుర్చీ వచ్చింది. ఇప్పుడు చేతులూ పట్టు తప్పుతున్నాయి.

మొన్న మంచం మీద కసరత్తు చేయిస్తుంటే అడిగింది. "ఇవన్ని చేస్తే తగ్గుతదా అమ్మా?"

"తగ్గేటట్టు కనవడ్తలేదు బిడ్డా," అన్నాను.

ఆమె ముఖం గోడవైపు తిప్పుకుంది. నాకు బయటికి పారిపోవాలనిపించింది. పోలేదు. అమ్మకు ఆ రోజు అంత ధైర్యం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. మాట అనేశాక ఆ మంచం పక్కనే కూర్చోవాలన్నది ఒక్కటే ఆమె నుంచి నాకు వచ్చింది.