వాల్టర్ గారి మట్టిలో లోపం లేదు

ఉత్తర మిషిగన్‌లో వాల్టర్ గారనే పెద్దాయన ఇంట్లో రాకెట్ హీటర్ అనే మట్టి పొయ్యి కట్టడానికి సాయం వెళ్లాను. నాలుగు పుల్లలు మండితే చాలు, వేడి పొగ మట్టి అరుగులోని గొట్టం గుండా పోతూ ఆ అరుగును గంటల తరబడి వెచ్చగా ఉంచుతుంది. ఆయన భార్య ఎలెన్ గారికి కీళ్ల నొప్పులు. మంచు పడేలోగా అరుగు సిద్ధం కావాలి.

వెలిగించగానే పొగంతా ఇంట్లోకే తన్నింది. "ఆయన కలిపిన మట్టి బాగోలేకే పొగొచ్చింది" అని, మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌కి తిరిగొచ్చాక మిత్రులందరికీ చెప్పాను. అది అబద్ధం.

గొట్టం చివరిదాకా ఎనిమిది అంగుళాల వెడల్పే ఉండాలని ఆయన ప్లాన్ గీశారు. కార్లకు ఎగ్జాస్ట్ గొట్టాలు డిజైన్ చేసేవాణ్ని, నాకు తెలియదా అనుకుని, చివరి మలుపులో పొగను జోరుగా లాగుతుందని ఆరంగుళాలది బిగించాను. ఆయనకు చెప్పలేదు. పొగ చూసి ఆయన, బీటల్లోంచి వస్తోందేమోనని తన మట్టినే అనుమానించి, మళ్లీ మట్టి కలిపి కాళ్లతో తొక్కడం మొదలుపెట్టారు. అప్పుడూ నోరు విప్పలేదు. అయినా పొగ తగ్గక ఆయన అరుగు తవ్వితే నా గొట్టం బయటపడింది.

"నీ కార్లూ ఇలాగే దగ్గుతాయా?" అని నవ్వారాయన.

మళ్లీ ఎనిమిది అంగుళాల గొట్టం వేశాక మంట హోరుమంది. తిట్లకు సిద్ధపడ్డ నన్ను ఎలెన్ గారు పిలిచి, తడిమట్టిలో చెయ్యి అద్దమన్నారు. కట్టినవాళ్లు ముద్ర వేయడం వాళ్ల ఆనవాయితీ.

"చెడగొట్టింది నేనే కదండీ!"

"అందుకే వెయ్యి. మళ్లీ పొగొస్తే ఎవర్ని పిలవాలో తెలియాలిగా."

నిన్న ఫోటో పంపారు. ఎలెన్ గారు అరుగు మీద కునుకు తీస్తున్నారు, తల పక్కన నా చేతి ముద్ర. మట్టి ఎక్కడా బీటలివ్వలేదు. అదే ఫోటో ఇవాళ మిత్రులందరికీ పంపాను, ఆ ఆరంగుళాల గొట్టం బిగించిందెవరో కూడా రాసి.