నర్సవ్వ పడుగు

నకిరేకల్‌లో ఇస్త్రీ దుకాణం ముందు నిలబడితే చాలు, గంజి వాసనకు నా రెండు పిడికిళ్లూ వాటంతటవే బిగుసుకుంటాయి. "ఎవరి మీద సార్ కోపం?" అని దుకాణమాయన నవ్వుతాడు. కోపం కాదు. నేను నర్సవ్వ పడుగు పట్టుకుని ఉంటాను.

నర్సవ్వ మా పక్కింట్లో మగ్గం నేసేది. కోతలు కోయడంలో మా వాడలో నన్ను మించినవాడు లేడు. నందికొండలో నేను పట్టిన చేప తోకతో కొడితే డ్యాం గేటు వంగిందని ఎందరినో నమ్మించాను. ఆమె మాత్రం మగ్గం ఆపకుండానే, "గేటొక్కటేనా బిడ్డా, డ్యాం బాగనే ఉన్నదా?" అనేది.

తెలంగాణ వచ్చిన కొత్తలో బాపు పోయాడు. కొద్ది రోజులకే అన్న ఇంటి నడుమ గోడ పెడతానని ఇటుకలు దింపించాడు. గోడ సరిగ్గా బాపు కాళ్లు దింపుకుని నేసే మగ్గం గుంట మీదుగా పోతుంది. గుంట పూడ్చక తప్పదన్నాడు. నేను ఒప్పుకోలేదు. తిండి సయించక, ఒక్కచోట కూర్చోలేక, ఇంటికీ బజారుకీ మధ్య ఎంత తిరిగానంటే చెప్పులు అరిగి, ఆపైన కాళ్లు అరిగి నేను పొట్టివాణ్ణయ్యాను. అన్నదీ అదే తిరుగుడు. ఎదురుపడితే చెరో సందులోకి మళ్లేవాళ్లం.

మేస్త్రీ వస్తానన్న రోజు పొద్దున్నే నర్సవ్వ ఇద్దర్నీ పిలిచింది. వీధి పొడుగునా పడుగు దారాలు చాపి గంజి పెట్టాలి. "పడుగు కట్టే గూటాలు కనవడ్తలేవు బిడ్డా. జర చెరో కొస వట్టుకోండ్రి" అంది.

గట్టిగా గుంజితే దారాలు తెగుతాయి. వదిలితే నేలకు తగిలి చిక్కుపడతాయి. ఆరేదాకా కదలడానికి లేదు. ఆమె కుంచెతో గంజి పూస్తూ ఈ కొస నుంచి ఆ కొసకు పోయేసరికి నందికొండ డ్యాం ఒకసారి నిండి, ఖాళీ అయి ఉంటుంది.

నా కాళ్లు ఆగడం లేదు. "ఇంకెంత సేపవ్వా?"

"కోపమొచ్చినోడు తిరుగుతనే ఉంటడు బిడ్డా. తిరిగినంత సేపు ఏం గావాల్నో వానికే తెల్వది. నువ్వు జర నిలబడు." అటు తిరిగి, "పెద్దోడా, గోడెందుకురా నీకు?" అంది.

పడుగు సన్నగా వణికింది. ఆ వణుకు అన్న పట్టుకున్న అవతలి కొస నుంచి వచ్చిందని నా చేతులకు తెలిసింది.

"గోడ గాదవ్వా. పొద్దుగాల లేస్తె గా గుంటనే కనవడ్తది. బాపు లేకుంట దాన్ని జూడలేకపోతున్న."

"నీకేందిరా, సిన్నోడా?"

ఎప్పుడూ ఆగని నా నోటికి ఒక్క కథా రాలేదు. "దాన్ని జూడకపోతె నాకు పొద్దు పోదవ్వా."

"గట్టిగ గుంజకుండ్రి, తెగుతది" అని మాత్రం అని, ఆమె మళ్లీ కుంచె ముంచింది.

మేస్త్రీ వచ్చేసరికి మేమింకా అలాగే నిలబడి ఉన్నాం. అన్నే చెప్పాడు: "గోడ జర వంకర దిప్పు మేస్త్రీ. గుంట తమ్ముని దిక్కు ఉండాలె."

"వంకర గోడ గడ్తె నా పేరు ఖరాబైతదన్నా."

"నా పేరు జెప్పు" అంది నర్సవ్వ. ఇంట్లోకి పోయి, రెండు గూటాలు తెచ్చి నేలలో దిగ్గొట్టింది. "తలుపు ఎనకనే ఉన్నయ్, సూడలే." కోతల్లో నాకు గురువెవరో ఆ పొద్దున తెలిసింది.

ఆమె ఇప్పుడు లేదు. గోడ వంకరేమిటని అడిగినవాళ్లకు నాగుపాము అడ్డం పడుకుందని ఒకసారి, మేస్త్రీ కల్లు తాగాడని ఒకసారి చెబుతాను. గోడ అవతల అన్న అన్నీ వింటాడు. ఒక్కసారీ కాదనలేదు.

కాళ్ల తిరుగుడు నన్నింకా వదల్లేదు. ఎవరి మీదైనా కోపమొస్తే పాదాలు ముందే బయల్దేరతాయి. అప్పుడు పిడికిళ్లు బిగించి నిలబడతాను, అవతలి కొస ఏమైనా వణుకుతుందేమోనని.