మంచులో మగ్గం చప్పుడు

మామ కుక్కలు, మణులు రెండూ తోకలు ఊపుకుంటూ చెరువు మీది మంచులోకి నడిచిపోయాయి. లోపలి నుంచి మగ్గం చప్పుడు వస్తోంది. అటువైపు ఊరు లేదు, ఇల్లు లేదు, నీళ్ళే.

ఆ రోజుల్లో నాకు తెలిసిన పక్షులు రెండే రకాలు: కాకి, కాకి కానిది. అయినా వలస పక్షుల మీద ఆదివారం పేజీకి వ్యాసం తెస్తేనే ఉద్యోగం ఖాయం చేస్తామని పత్రికలో పెద్దాయన చెప్పారు. తిరుత్తణిలో ఉన్న మేనమామను పక్షులు దిగే చెరువుకు తోడు రమ్మన్నాను. ఆయన నేతగాడు. మగ్గం ఆపేసి రెండేళ్ళయింది. కుక్కలను వదిలి రానన్నాడు. "మగ్గం గుంతలో పుట్టిన బిడ్డలప్పా. ఒంటిగా ఇడిస్తే ఏడస్తాయి." రెండింటి పేరూ మణే (ఒక్క పిలుపుకు రెండూ వస్తాయని).

తెల్లవారుతూనే చెరువు గట్టెక్కాం. మణులు మొరిగాయి. మంచులో ఎక్కడో రెక్కలు టపటపలాడి, అంతా సద్దుమణిగింది.

"చూసినావా?" అన్నాడు మామ.

"ఏమీ కనపళ్ళేదు మామా."

"వినపడింది గదా, రాసుకో."

గంట గడిచినా ఇంకేమీ వినబడలేదు. అప్పుడు మొదలైంది ఆ చప్పుడు. మూడు దెబ్బలు, ఒక్క క్షణం ఆగడం, మళ్ళీ మూడు. మామ నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నా మగ్గమూ అట్లే నిలిచి నిలిచి కొట్టేది."

"దాన్ని యాడ పెట్టినావు?"

"కట్టెలకు ఇచ్చేసినా. నా చేత్తోనే చీల్చినా."

ఆ మాటల్లో ఉండగానే మణులు లేచి మంచులోకి వెళ్ళాయి.

"పిలువు మామా."

"నేను పిలవను. వాటితో పాటు అదీ వస్తే?"

పొద్దెక్కాక మంచు వీడింది. చప్పుడు ఆగింది. చెరువు నిండా నీళ్ళున్నాయి, ఒక్క పక్షి లేదు. వెనక్కి తిరిగితే మణులు మా వెనకే పడుకుని ఉన్నాయి. తడిమి చూశాను. ఒళ్ళు పొడిగా ఉంది.

జరిగింది జరిగినట్టే రాసి ఇచ్చాను. "పెద్ద కొంగలు ముక్కులు అట్లాగే టకటకలాడిస్తాయయ్యా," అని పెద్దాయన వ్యాసంలోంచి మామనూ మణులనూ కొట్టేసి, ఆ చోట కొంగల గుంపును దింపారు. నా పేరుతో అచ్చయిన మొదటి వ్యాసం అదే. ఉద్యోగమూ ఖాయమైంది. తర్వాత ఇన్నేళ్ళలో ఎందరి తప్పులకో సవరణలు వేయించాను కానీ, దాని జోలికి పోలేదు (అది రాసిన కుర్రాడికి అప్పట్లో ఉద్యోగం అవసరం, పాపం). ఆ ఉదయం ఆ చెరువులో ఒక్క కొంగైనా ఉందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.